మంచిపిల్ల గడియ పెట్టుకుంది

ముందే చెబుతున్నాను, ఈ వారం సంగతిలో గోరంత కల్పన కూడా లేదు. పోయిన వారాల్లో ఎక్కడైనా ఒక పూసో పువ్వో తగిలించానేమో గాని, ఈ వారం మాత్రం జరిగింది జరిగినట్టు మీ ముందు పెడుతున్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా కలం పాళీ విరిగిపోవాలి.

"తలుపు తియ్యమ్మా మబ్బూ! తియ్యి తల్లీ!"

లోపలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మబ్బూ, అమ్మని."

గడియ కదల్లేదు.

మైకమ్మ భుజానున్న సంచి కూడా ఇంకా దించలేదు. పొద్దుటి డ్యూటీ దిగి గుమ్మంలో కాలుపెట్టిందో లేదో, ఇదీ ఎదురొచ్చిన స్వాగతం. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని బస్టాండు మైకులో చెప్పేది ఆమే. ఆ గొంతుకున్న పలుకుబడి ఇంతా అంతా కాదు. ఒకసారి జలుబు చేసి మైకు ముందు తుమ్మితే, వీధి మలుపు దాటిపోయిన బస్సు కూడా తననే పిలిచారనుకుని వెనక్కి వచ్చి నిలబడిందట. అంతటి గొంతు ఇవాళ, చెప్పులు ఎడమదేదో కుడిదేదో తెలియని మనిషిని ఒక చెక్క తలుపు అవతలినుంచి ఇవతలికి రప్పించలేకపోతోంది.

మెకానిక్కు నేలమీద బోర్లా పడుకుని, చెంప గచ్చుకి ఆనించి, తలుపు కింది సందులోంచి చూస్తున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. పొద్దున పిల్లలు ఆయన పూట, మధ్యాహ్నం నుంచి ఆమె పూట. ఆమె వచ్చే వేళకి ఆయన వెళ్ళాలి. రోజూ వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఈ గుమ్మంలోనే, పిల్లల్ని చేతులు మార్చుకునేంత సేపు.

"కనపడుతోందా?"

"గౌను అంచు కనపడుతోంది. తలుపుకి వీపు ఆనించి కూర్చుంది."

"ఏడుస్తోందా?"

"లేదు. ఊరికే కూర్చుంది."

అదే వచ్చిన చిక్కు. తలుపు తన్నితే పిల్లకి తగులుతుంది. కిటికీ ఉందిగాని అది వీధివైపు, మేడ మీద, ఇనుప ఊచలతో. పిల్ల తనంతట తాను లేచి గడియైనా తియ్యాలి, అవతలికైనా జరగాలి. రెండిట్లో ఏది జరగాలన్నా, బయటినుంచి పిలిచే గొంతు ఆ పిల్ల మనసుకి తగలాలి.

"అసలు ఆ కింది గడియ ఎలా పడిందండీ? అది తుప్పు పట్టి చచ్చింది కదా, మనకే కదలదు."

మెకానిక్కు చెంప గచ్చు మీదనుంచి ఎత్తకుండానే అన్నాడు. "మొన్న సెలవు రోజున నూనె వేశాను."

"ఎవరు వెయ్యమన్నారు?"

"కిర్రుమంటోంది కదా."

కిర్రుమనేదాన్ని ఆయన సహించలేడు. అది వృత్తిరోగం. ఇంట్లో కుర్చీ, కుట్టుమిషను, వంటింటి అలమర, పక్కింటివాళ్ళ ఉయ్యాల, అన్నీ ఆయన నూనెతో నోళ్ళు మూసుకున్నాయి. పెళ్ళయిన కొత్తలో ఆయన చేతిలో ఆ నూనెడబ్బా చూసి అత్తగారు మాట్లాడటం తగ్గించిందని చెప్పుకుంటారు.

"మీ నూనె తగలెయ్య! గడియ పెట్టుకునేంత వరకు ఏం చేస్తున్నారు?"

"నువ్వు గుమ్మంలోకి రాగానే ఉరుము నామీదనుంచి నీమీదికి దూకింది. అది పడిపోకుండా చూస్తున్నాను. నువ్వేం చేస్తున్నావు?"

"నేనూ అదే చూస్తున్నాను."

ఉరుము ఇప్పుడు అమ్మ చంకలో కూర్చుని, అమ్మ మెళ్ళో వేలాడుతున్న బస్టాండు కార్డు నములుతోంది. ఇద్దరూ ఒకే రోజు పుట్టినవాళ్ళు, ఒకే పొత్తిగుడ్డలో శిశుగృహానికి చేరినవాళ్ళు, ఒకే రోజు ఈ ఇంటికి వచ్చినవాళ్ళు. పోలిక అంతటితో సరి. ఉరుము ఏడిస్తే వీధి చివర పాలు విరుగుతాయి. మబ్బు ఏడిస్తే పక్కనున్న దిండుకి కూడా తెలియదు.

"నువ్వు పక్కకి జరుగు," అన్నాడు మెకానిక్కు లేచి కూర్చుని. "ఇది నాకు అలవాటైన పనే. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడటానికి ఒక పద్ధతుంది. మనమెవరమో చెప్పాలి. ఎంతమంది ఉన్నారో అడగాలి. మాట తెగనివ్వకూడదు."

గొంతు సవరించుకున్నాడు.

"మబ్బూ, నేను నాన్నని మాట్లాడుతున్నాను. కంగారు పడకండి. లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కలే!" అంది ఉరుము, కార్డు నోట్లోంచి తీసి.

"నిన్నడగలేదే తల్లీ."

"బూ ఒక్కలే," అంది ఉరుము మళ్ళీ, ఈయనకి ఆపాటి లెక్క రాదా అన్నట్టు.

మైకమ్మకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో వెతుక్కునే వ్యవధి లేకుండా ఎదురింటి పిన్నిగారు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చేసింది. వీధిలో ఎవరింట్లో గిన్నె కిందపడ్డా అది ఏ గిన్నో చెప్పగల మనిషి. పిలవాల్సిన పని లేదు.

"ఏంటమ్మాయ్, గొడవ? గడియ పెట్టుకుందా? ఏ పిల్ల? అరిచేదా, మంచిపిల్లా?"

"మంచిపిల్లే," అన్నారు మొగుడూపెళ్ళాలు ఒక్క గొంతుతో.

"అయ్యో రాత! అది ఎక్కడ పెడితే అక్కడ ఉండే పిల్లాయె. దానికేం పోయేకాలం?"

నిజమే. మబ్బుకి ఊరంతా ఇచ్చిన బిరుదు మంచిపిల్ల. చాప మీద కూర్చోబెడితే చాప మీద, మెట్టు మీద పెడితే మెట్టు మీద. అన్నం పెట్టడం ఆలస్యమైతే ఖాళీ గిన్నెలో గరిట తిప్పుకుంటుంది. పిల్లల్ని అప్పగించిన రోజున శిశుగృహం పెద్దావిడ కూడా అదే చెప్పింది. "అదృష్టవంతులు మీరు. వీళ్ళిద్దరూ ఒకరికొకరు చాలు, మీకు పెద్ద శ్రమ ఉండదు." మెకానిక్కు ఆ మాటకి సంతోషించాడు. మైకమ్మ నవ్వింది గాని, ఇంటికి వచ్చేదాకా కారులో ఆ మాటే మింగుడుపడని ముద్దలా గొంతులో ఉండిపోయింది. ఒకరికొకరు చాలితే మరి నేనెందుకు?

"ఊరికే పిలిస్తే రారమ్మా పిల్లలు," అంది పిన్నిగారు. "ఆశ చూపించాలి. దానికి ఏమంటే ఇష్టం? అది తెచ్చి తలుపు కింద ఆడించండి, పిల్లిపిల్లలా పరిగెత్తుకొస్తుంది."

మైకమ్మ మొగుడి వైపు చూసింది.

మెకానిక్కు పెళ్ళాం వైపు చూశాడు.

"చెప్పండి," అంది ఆమె.

"నువ్వే చెప్పు."

"నాకేం తెలుసండీ? మబ్బు మీ పిల్ల కదా."

"నా పిల్లా? నాది ఉరుము. మబ్బు నీ పూటలో పిల్ల."

పిన్నిగారు ఒకసారి ఈవైపు, ఒకసారి ఆవైపు తల తిప్పింది. "మీది, మాది ఏంటర్రా? పిల్లల్ని పంచుకున్నారా, పొలం పంచుకున్నట్టు?"

పంచుకోవడం కాదుగాని, అలాంటిదే ఒకటి జరిగింది. పిల్లలు వచ్చిన కొత్తలో, ఒక్క మనిషి ఇంట్లో ఉంటే ఉన్నది ఒక్క ఒడి, ఎక్కవలసినవాళ్ళు ఇద్దరు. ఇద్దర్నీ ఒకేసారి ఎక్కించుకుంటే ఉరుము మబ్బుని తోసేసేది. అందుకని ఆ గుమ్మంలోనే, చెప్పులు వేసుకుంటూ ఒకరు, విప్పుకుంటూ ఒకరు, ఒక ఒప్పందం చేసుకున్నారు. నీ పూట ఒకళ్ళకి ఒడి, నా పూట ఇంకొకళ్ళకి. సాయంత్రానికి ఇద్దరికీ సమానం. ఒప్పందం చాలా గొప్పగా ఉంది. ఎవరి పూట ఎవరో చెప్పుకునేలోపు లిఫ్టు వాళ్ళ ఫోను మోగింది, ఆయన వెళ్ళిపోయాడు.

"ఆగండి," అంది మైకమ్మ. "పొద్దున మీరు ఎవర్ని ఎత్తుకుంటారు?"

"ఉరుముని. ఎత్తుకోకపోతే ఊరుకుంటుందా అది? మధ్యాహ్నం నుంచి మబ్బుని నువ్వు చూసుకుంటావు కదా అని. నువ్వు?"

ఆమె జవాబు చంకలో ఉన్న ఉరుమే.

"సెలవు రోజుల్లో?" అన్నాడాయన, ఎక్కడైనా ఒక ఊత దొరుకుతుందేమోనని.

"సెలవు రోజున మీరు నిద్రపోతారు. లేదా నూనె వేస్తారు."

"నువ్వు బట్టలుతుకుతావు."

"అది బట్టల బుట్ట పక్కన కూర్చుంటుంది. మంచిపిల్ల అని అనుకుంటాను."

అడగందే అమ్మయినా పెట్టదంటారు పెద్దలు. చెప్పడానికి బాగుంటుంది సామెత. అడగని పిల్ల తలుపవతల కూర్చున్నప్పుడు అదే సామెత అమ్మ వైపు చూస్తే ఎలా ఉంటుందో, ఆ పెద్దలు చెప్పలేదు.

"నువ్వు చూడాలి కదా!" అంది మైకమ్మ.

మెకానిక్కు ఉలిక్కిపడ్డాడు. పెళ్ళయ్యాక ఆమె ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

"నువ్వొక్కడివైనా చూడాల్సింది. లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇరుక్కుంటే గంటలు గంటలు మాట్లాడతావే. దీనితో ఏనాడైనా ఒక్క మాట మాట్లాడావా?"

"నువ్వు మాట్లాడావా? ఊరందర్నీ పిలిచే నోరు! ఏ బస్సు ఎక్కడుందో చెప్తావు, ఇంట్లో ఏ పిల్ల ఎక్కడుందో నీకు తెలీదు."

"ఊరుకోండర్రా," అంది పిన్నిగారు, ఊరుకోకూడదని కోరుకునే గొంతుతో. తర్వాత నిట్టూర్చి, ఎవరికీ కాదన్నట్టు గోడకి చెప్పింది. "కన్నపేగైతే తెలిసేది. పాపం వీళ్ళ తప్పేముంది!"

గోడ ఏమీ అనలేదు. మెకానిక్కు మాత్రం నెమ్మదిగా అన్నాడు. "పిన్నిగారూ, మీ పెద్దబ్బాయి మీతో మాట్లాడి ఎన్నాళ్ళైంది?"

పిన్నిగారి నోరు తెరుచుకుని, ఏమీ బయటికి రాకుండా మూసుకుంది. ఆ ఇంట్లో నూనె వెయ్యకుండా ఆగిన చప్పుడు అదొక్కటే. అన్నందుకు ఆయనకి ఏమీ సుఖంగా లేదు.

ఈలోగా ఉరుము అమ్మ చంకలోంచి జారి, తలుపు దగ్గరికి పోయి, నాన్నలాగే బోర్లా పడుకుంది. సందులో నోరు పెట్టి "బూ!" అంది.

"ఊ," అంది తలుపు.

ఉరుము ఏదో అంది. సగం మాటలు, సగం కూతలు. లోపలినుంచి జవాబు వచ్చింది. చిన్నగా, గబగబా, ఆగకుండా, వాన మొదలైనప్పుడు రేకు మీద చినుకుల్లాగా. మైకమ్మ గోడకి ఆనుకుంది. మబ్బుకి ఇంకా మాటలు రాలేదని, డాక్టరుకి చూపించాలని అనుకుంటున్న మనిషి ఆమె. ఆ పిల్లకి బోలెడు మాటలొచ్చు. అమ్మకి చెప్పే అవసరం ఎప్పుడూ పడలేదు, అంతే. బస్టాండులో గాజుగది ఉంటుంది, మైకు ఉన్న గది. అందులో కూర్చుని బయటి జనం నోళ్ళు కదలడం రోజంతా చూస్తుంది ఆమె. మాటలు వినపడవు. ఇప్పుడు తన ఇంట్లో, తన పిల్లల మధ్య, మళ్ళీ ఆ గదిలోనే కూర్చున్నట్టుంది.

"ఏమంటోందే?" అని అడిగింది. తన పిల్ల మాట తనకి చెప్పమని ఇంకో పిల్లని అడుగుతోంది.

"బూ లాదంట."

"ఎందుకు రాదంట?"

ఉరుము సందులో చెవి పెట్టి విని, తలెత్తింది. "బస్సు లాలేదంట."

మెకానిక్కుకి అర్థం కాలేదు. పిన్నిగారికి అంతకన్నా కాలేదు. మైకమ్మకి అర్థమైంది.

ఆ మాట ఆమెదే. ఉరుము ఒడిలో ఉన్నప్పుడు మబ్బు వచ్చి పక్కన నిలబడితే, వట్టి చేత్తో తల నిమిరి ఆమె అనే మాట. 'నీ బస్సు తర్వాత వస్తుందమ్మా, కూర్చో.' బస్టాండులో నోటికి అలవాటైన మాట, ముద్దుగా ఉంటుందని ఇంటికి తెచ్చుకుంది. మబ్బు తల ఊపి, పోయి కూర్చునేది. ఆ తర్వాతి బస్సు ఎప్పుడైనా వచ్చిందో లేదో ఆమె చూసుకోలేదు. చెప్పి వచ్చేయడమే కదా ఆమె ఉద్యోగం, ఎక్కించడం కాదు.

మైకమ్మ తలుపు ముందు చతికిలబడింది. సంచి దించింది. గొంతు సవరించుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది. బస్టాండు గొంతు, కాకపోతే అంచులు అరిగిపోయాయి. "మబ్బుగారు ఎక్కవలసిన బస్సు... ఆలస్యానికి..." అక్కడ ఆగింది. మైకు ముందు రోజూ అనే మాటే. "ఆలస్యానికి చింతిస్తున్నాం. బస్సు తలుపు ముందు ఆగి ఉంది."

లోపల గౌను కదిలిన చప్పుడు.

తర్వాత నూనె వేసిన గడియ, చప్పుడే లేకుండా, పక్కకి జరిగింది.

తలుపు తెరుచుకుంది. మబ్బు నిలబడి ఉంది. చంకలో తన దిండు. కాళ్ళకి తారుమారు చెప్పులు. ప్రయాణానికి సిద్ధమైన మనిషి. చూసింది.

బస్సు నిండిపోయి ఉంది.

అమ్మ కింద కూర్చోవడం ఆలస్యం, ఉరుము ఎప్పటిలాగే వచ్చి ఆ ఒడి నిండా పరుచుకుంది. ఎవరూ గమనించలేదు. ఎత్తుకుని ఎత్తుకుని ఆ బరువు అమ్మ ఒంటికే తెలియకుండా పోయింది.

మబ్బు తల ఊపింది. గోడ పక్కన దిండు పెట్టుకుని, దానిమీద కూర్చుంది.

"తియ్యండి! దీన్ని తియ్యండి!" అంది మైకమ్మ, ఒడిలో నిప్పు పడ్డట్టు. మెకానిక్కు ఉరుముని ఎత్తుకున్నాడు. ఉరుము ఉరిమింది. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. ఎక్కడో మేడలో, రెండు అంతస్తుల మధ్య, ఎవరో ఇరుక్కున్నారు.

"వెళ్ళనా?" అన్నాడు. వెళ్ళొద్దంటే ఆగిపోయే గొంతు.

"వెళ్ళండి. వాళ్ళు కూడా ఎదురుచూస్తుంటారు."

మళ్ళీ 'అండి' వచ్చింది. అది దగ్గరైనందుకో దూరమైనందుకో ఆయనకి తెలియలేదు. ఆరున్నొక్క రాగంలో ఉన్న ఉరుముని పిన్నిగారి చేతుల్లో పెట్టి, చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి చూశాడు. ఆ గుమ్మంలో ఆయన వెనక్కి చూడటం అదివరకు లేదు. మబ్బు ఆయన వైపు చూడలేదు.

పిన్నిగారు ఉరుముని ఎదురింటికి తీసుకుపోయింది. ఇల్లు ఖాళీ అయింది.

అమ్మా, కూతురూ. ఇద్దరి మధ్యా గచ్చు.

"రా తల్లీ," అంది మైకమ్మ. చేతులు చాచింది. "బస్సు ఖాళీగా ఉంది."

మబ్బు ఆ చేతుల్ని చూసింది. ఒడిని చూసింది. ఎదురింట్లోంచి ఉరుము ఏడుపు గోడలు దాటి వస్తోంది. ఆ ఏడుపుకి రోజూ ముందు లేచేది అమ్మ మోకాళ్ళు. అది మబ్బుకి తెలుసు. అందుకే కాబోలు, అమ్మ మొహం వదిలేసి మోకాళ్ళనే చూస్తూ కూర్చుంది, అవి ఎప్పుడు లేస్తాయా అని.

ఏడుపు పెద్దదైంది. మోకాళ్ళు లేవలేదు.

ఇంకా పెద్దదైంది. లేవలేదు.

అవతల ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. మబ్బు దిండు మీద కొంచెం ముందుకి జరిగింది. కుడికాలికున్న ఎడమ చెప్పు విప్పింది. కాలు చాచి, బొటనవేలి కొసతో అమ్మ మోకాలిని తాకింది.

ఇక్కడ ఆపేస్తే బాగుంటుందని నాకూ తెలుసు. కాని మొదట్లో పెద్ద కోత కోశాను కాబట్టి పాళీ విరక్కముందే ఒప్పుకుంటున్నాను. ఆ బొటనవేలు నేను కల్పించిందే. చేతులు చాచుకుని కూర్చున్న ఆ మనిషిని అలా వదిలెయ్యడానికి చెయ్యి రాక, ఒక వేలు తెచ్చి అక్కడ పెట్టాను. మిగతాదంతా నిజమే, చెప్పు విప్పడం కూడా నిజమే. విప్పి, పక్కన పెట్టుకుంది. పాదానికీ మోకాలికీ మధ్య జానెడు నేల అలాగే ఉంది. అమ్మ చేతులు ఇంకా దించలేదు.